హైస్కూల్ డ్రాయింగ్ క్లాసులో ఏడాదంతా ఏం వేయించాలి: కోనసీమ కొత్త టీచరుకి నా సమాధానం

ప్రశ్న ఇదీ: కోనసీమలో ఒక ఊరి హైస్కూల్‌కి ఈ ఏడే డ్రాయింగ్ టీచరుగా వచ్చారు. ఆరు నుంచి తొమ్మిది దాకా క్లాసులు, సెక్షన్‌కి నలభై మందికి పైనే. వారానికి రెండు పీరియడ్లు, అదీ నలభై నిమిషాలు. ఏది వేయమన్నా పిల్లలు ఫోన్లో చూసి దింపుతున్నారు, లేదంటే "సీనరీ" వేస్తున్నారు. పెద్దగా ఖర్చు లేకుండా ఏడాది పొడుగునా ఏ పనులివ్వాలి, రంగులు ఏవి వాడాలి, "నాకు బొమ్మలు రావు టీచర్" అనే పిల్లల్ని ఏం చేయాలి అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తా. ఏడాదికి ఆరేడు పనులు చాలు. ఒక్కొక్కటీ కనీసం మూడు నాలుగు పీరియడ్లు సాగాలి. ప్రతి పనికీ మూలం పిల్లల కళ్ళెదుట ఉన్న వస్తువో చోటో అయ్యుండాలి. వారానికో కొత్త బొమ్మ బోర్డు మీద వేసి దింపించే పద్ధతి మానేయండి. నలభై నిమిషాల్లో హాజరు, షీట్లు పంచడం, నీళ్ళు తేవడం, కడగడం పోను మీకు మిగిలేది పాతిక నిమిషాలు. పాతిక నిమిషాల్లో పూర్తయ్యే బొమ్మ కావాలంటే పిల్లాడు ముందే వచ్చిన బొమ్మే వేస్తాడు. వేరే దారి వాడికి లేదు.

ఇక ఆ సీనరీ సంగతి. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి కిందికొచ్చే నది, ఒక పాక, అయిదు రెమ్మల కొబ్బరి చెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. మీ స్కూల్ డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూడండి. ఎక్కడైనా కొండ ఉందా? మనది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు నేల, బల్లపరుపు. కొండల మధ్య గోదావరిని చూడాలంటే పాపికొండల దాకా పోవాలి. అయినా అమలాపురం పిల్లాడూ, రాజోలు పిల్లాడూ, చింతపల్లి ఏజెన్సీ పిల్లాడూ అవే రెండు కొండలు వేస్తారు. అది వాళ్ళు చూసి వేసిన బొమ్మ కాదు, అక్క నోటుబుక్కులోంచి నేర్చుకున్నది. "అ" అక్షరం రాసినట్టు రాస్తారు.

నేను దాన్ని తిట్టను, వేయొద్దనీ అనను. మొదటి క్లాసులో వేయనిచ్చి, అన్నీ గోడకి అతికించి, "ఈ కొండ ఏ ఊళ్ళో ఉందిరా?" అని అడుగుతాను. క్లాసంతా నవ్వుతుంది. తరవాతి పీరియడ్ నుంచి మన ఊళ్ళో ఉన్నవే వేస్తాం.

మొదటి పని: కొబ్బరి చెట్టు. చెట్టుతో కాదు, మట్టతో మొదలుపెట్టండి. రాలిన మట్ట ఒకటి క్లాసులోకి లాక్కురమ్మనండి, అందుకు పిల్లలు పోటీ పడతారు. మొదటి పీరియడ్ ఒక్క ఆకు మాత్రమే. ఆకు మీద నుంచి చూపు తీయకుండా, కాగితం చూడకుండా, దాని అంచు వెంట కన్ను ఎంత మెల్లగా కదిలితే పెన్సిలూ అంతే మెల్లగా కదలాలి. గీత వంకరటింకరగా వస్తుంది, నవ్వుకుంటారు, ఫరవాలేదు. కాగితం చూడకుండా గీయడం వల్ల చేతికి అలవాటైన బొమ్మ దారి మూసుకుపోతుంది, అదే కావాలి. "నాకు రావు" అనే పిల్లాడికి కూడా ఇక్కడ పక్కవాడితో సమానంగానే వస్తుంది. మీ మూడో ప్రశ్నకి సగం జవాబు ఇదే.

రెండో పీరియడ్ మట్ట మొత్తం. ఆకులన్నీ దువ్వెన పళ్ళలా ఒకే పొడుగుతో గీస్తారు. అసలు మట్ట మీద మొదట్లో ఓ మాదిరిగా, మధ్యలో పొడుగ్గా, కొసన చిన్నగా ఉంటాయని కొలిపించండి. తరవాత మట్టని బల్ల మీద పెట్టి, కొస పిల్లల వైపు తిప్పి వేయించండి. నాలుగు గజాల మట్ట అరగజంలోకి కుదించుకుపోయి కనిపిస్తుంది. దగ్గరికొచ్చే వస్తువు పొట్టిగా కనిపించే ఈ విద్య పుస్తకంలో చెబితే తొమ్మిదో తరగతికీ ఎక్కదు. మట్ట చూపిస్తే ఏడో తరగతికి ఎక్కుతుంది.

మూడో పీరియడ్ బయటికెళ్ళి చెట్టు. మాను అడుగున లావుగా ఉబ్బి, పైకి వెళ్ళాక ఇంచుమించు ఒకే లావుతో పోతుంది. పిల్లలు మాత్రం కింద వెడల్పు, పైన సన్నం చేసి ముల్లులా వేస్తారు. మాను మీద వరసగా కనిపించే గుర్తులు రాలిన మట్టల చోట్లు. కాపు మీదున్న చెట్టు ఏడాదికి ఇంచుమించు పన్నెండు మట్టలేస్తుంది కాబట్టి గుర్తుకో నెల అని లెక్క చెప్పండి. ఇంక ఆ గుర్తుల్ని వదిలేయమన్నా వదలరు. తల దగ్గర కొత్త మట్టలు నిటారుగా, నడిమివి పక్కలకి, పాతవి కిందికి వేలాడుతూ ఉంటాయి. అంటే అదొక బంతి ఆకారం. అయిదు రెమ్మలు అయిదు పక్కలకి చాపిన నక్షత్రం కాదు. ఆకులు వేయడం కష్టమైతే ఆకుల మధ్య కనిపించే ఆకాశం ముక్కల్ని గీయమనండి. ఆ ఖాళీలు సరిగ్గా పడితే ఆకులు వాటంతట అవే పడతాయి.

నాలుగో పీరియడ్‌కి పూర్తి చెట్టు పెద్ద షీట్ మీద. మొదటి రోజు సీనరీలోని చెట్టు పక్కన దీన్ని అతికించండి. మీరేమీ మాట్లాడక్కర్లేదు.

రెండో పని: కాలవ గట్టు. పెర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గర తేడా కాగితం మీద చూపించే పద్ధతి, నేర్పడానికి డెల్టా కన్నా మంచి చోటు లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక తవ్విన కాలవలు చాలాచోట్ల స్కేలుతో కొట్టినట్టు తిన్నగా పోతాయి, పక్కనే వరసగా చెట్లు. వంతెన మీద నడిమధ్య నిలబడితే మొత్తం పాఠం ఎదురుగా ఉంటుంది. పెన్సిల్ని కళ్ళ ఎత్తులో అడ్డంగా పట్టుకోమనండి, అదే కంటి మట్టం. మట్టానికి కింద ఉన్న గట్ల గీతలు దూరం పోయేకొద్దీ పైకి లేస్తాయి, మట్టానికి పైనున్న చెట్ల తలలు దూరం పోయేకొద్దీ కిందికి దిగుతాయి, అన్నీ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. అదే పిల్లాణ్ణి కూర్చోమని మళ్ళీ చూడమనండి. కంటి మట్టం వాడితోపాటే కిందికి దిగుతుంది. అది చూసి ఆశ్చర్యపోని పిల్లాడు నాకింతవరకూ తగల్లేదు.

నీళ్ళలో నీడ గురించి రెండు మాటలు. గట్టు అంచునే ఉన్న చెట్టు నీడ నీళ్ళలో దాదాపు దాని ఎత్తంతా పడుతుంది. గట్టుకి వెనగ్గా ఉన్న చెట్టు నీడ పొట్టిగా కనిపిస్తుంది, కింది భాగాన్ని గట్టు మింగేస్తుంది గనక. ఎడమకి వాలిన చెట్టు నీడ కూడా ఎడమకే వాలుతుంది. పిల్లలు కుడికి వేస్తారు, గమనించండి.

రంగు దగ్గర అసలు సంగతి ఉంది. నీళ్ళనగానే నీలం వేస్తారు. జులై, ఆగస్టుల్లో కాలవ చూడండి, ఎర్రనీరు వచ్చి గోధుమరంగులో ఉంటుంది. సంక్రాంతి నాటికి నీరు తేరి, ఆకాశం రంగూ చెట్ల రంగూ అందులో కనిపిస్తాయి. అందుకని నేను ఒకే చోటుని రెండుసార్లు వేయిస్తాను: ఒకటి ఎర్రనీటిలో, ఒకటి జనవరిలో. రెండూ పక్కపక్కన పెట్టాక "నీళ్ళ రంగేది?" అని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలు అరగంట వాదించుకుంటారు.

జాగ్రత్తలు: హెడ్‌మాస్టారి అనుమతి, తోడు ఇంకో టీచరు, తప్పనిసరి. నిండు కాలవ దగ్గరికి ఆరు, ఏడు తరగతుల్ని తీసుకెళ్ళకండి, వాళ్ళకి చేలగట్టు చాలు. పెద్దవాళ్ళయినా వంతెన పిట్టగోడ లోపలే, లేదా రోడ్డు అవతలే ఉండాలి. గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలు వరదల్లో బడికి రాలేరు. వాళ్ళకి ఆ పని తరవాత ఇవ్వండి, లేదా వాళ్ళ ఊళ్ళో వరద ఎలా ఉందో గుర్తున్నది వేయమనండి. గుర్తు మీద వేసినవి కొన్నిసార్లు ఎదురుగా చూసి వేసిన వాటికన్నా బాగుంటాయి.

మూడో పని: ఆకుపచ్చలు. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, ఖర్చూ తక్కువే. పెట్టెలోని ఆకుపచ్చ బిళ్ళకి కాగితం అతికించి మూసేయండి. పసుపు, నీలం, ఎరుపు, నలుపు ఇచ్చి, కిటికీలోంచి కనిపించే పచ్చలన్నీ కలపమనండి. ఆకుమడి పసుపు తిరిగిన లేత పచ్చ, ఊడ్చిన చేను ఇంకో పచ్చ, అరటాకు ఒకటి, కొబ్బరాకు ఒకటి, కాలవలో గుర్రపుడెక్క ఒకటి. షీట్ మీద అంగుళం గళ్ళు కొట్టుకుని గడికో పచ్చ, కింద దాని పేరు. "గుర్రపుడెక్క పచ్చ", "మా ఇంటి వెనక చెరువు పచ్చ" అని వాళ్ళే పేర్లు పెడతారు.

మీరు తెలుసుకోవాల్సిన కిటుకులు ఇవి. ముందు పసుపు తీసుకుని నీలాన్ని చుక్క చుక్కగా కలపాలి, నీలానికి బలమెక్కువ, తిరగేస్తే సీసాలో పసుపంతా ఖర్చయిపోతుంది. లెమన్ ఎల్లోకి ప్రష్యన్ బ్లూ కలిపితే మెరిసే పచ్చ వస్తుంది. ముదురు పసుపుకి అల్ట్రామెరీన్ కలిపితే మగ్గిన పచ్చ. లెమన్ ఎల్లోలో కొంచెం నలుపు కలిపినా పచ్చే వస్తుంది, ఎండుతున్న ఆకు రంగు. పిల్లలు నమ్మరు, చేసి చూపించండి. ఏ పచ్చయినా కళ్ళకి గుచ్చుకుంటుంటే కుంచె కొసన ఎరుపు అంటించి కలపండి, దిగుతుంది. ఈ గళ్ళ కాగితం ఏడాదంతా దాచుకుని తరవాతి బొమ్మలకి చూసుకోవాలి.

ఈ మూడూ సరిగ్గా చేయిస్తే దీపావళి దాటుతుంది. మిగతావి త్వరగా చెబుతాను.

ఆరో తరగతికి అద్దకం పెట్టండి. బెండకాయ అడ్డంగా కోసి పోస్టర్ కలర్‌లో అద్దితే పువ్వులొస్తాయని అందరికీ తెలుసు. అరటాకు మట్టని అడ్డంగా కోసి అద్ది చూడండి, లోపలి గాలిగదులు వల అల్లినట్టు పడతాయి. రంగు నీళ్ళగా ఉంటే గళ్ళు పూడిపోతాయి కాబట్టి పళ్ళెంలో తడి స్పాంజి పరిచి, దాని మీద రంగు పూసి అద్దించండి. కోసే పని మీదే, కత్తి పిల్లల చేతికివ్వకండి.

ధనుర్మాసంలో ముగ్గు. ఏడు చుక్కలు నాలుగు వచ్చేవరకు సందు చుక్క పెట్టి, అందులోంచి డిజైన్ తీసి రెండే రంగుల్లో నింపించండి. ఆడపిల్లలకి ఇళ్ళల్లో వచ్చేసి ఉంటుంది, మగపిల్లలకి వాళ్ళ చేతే నేర్పించండి. జామెట్రీ బాక్సుతో చేసే డిజైన్ పాఠం కన్నా దీంతో సౌష్ఠవం బాగా పట్టుబడుతుంది.

మీది నరసాపురం వైపు నుంచి కోడళ్ళు వచ్చిన ఊరైతే, ఇళ్ళల్లో లేసు అల్లేవాళ్ళుంటారు. చిన్న ముక్క తెప్పించి, నల్ల ఛార్టు మీద తెల్ల పెన్సిల్‌తో వేయించండి. తెల్ల కాగితం మీద నీడలు వేయడానికి అలవాటు పడ్డ పిల్లలకి నల్ల కాగితం మీద వెలుగు వేయడం కొత్తగా ఉంటుంది. ఓపికైన పని, తొమ్మిదో తరగతికే ఇవ్వండి.

సంక్రాంతి సెలవుల తరవాత ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకెళ్ళేవి. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ నుంచి వచ్చే ప్రభల్ని చూడని పిల్లలు మీ చుట్టుపక్కల తక్కువ. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవలో దిగి నీళ్ళలోంచి రావడం వాళ్ళు మీకన్నా బాగా వర్ణిస్తారు. ఆరుగురికో జట్టు చేసి, పాత అట్టపెట్టెలు విప్పి అతికించి, రంగు కాగితాలతో ప్రభ, దాని కింద మోసే జనం. మనిషి పక్కన ప్రభ ఎంత ఎత్తుండాలన్నది మొదట పెన్సిల్‌తో తేల్చుకోవాలి, లేకపోతే మోసేవాళ్ళు ప్రభంత అయిపోతారు. వేరే మతాల పిల్లలుంటే వాళ్ళింటి పండగ వేసుకోవచ్చని ముందే చెప్పండి. చర్చి గుడారమో, ఉరుసు ఊరేగింపో, జనం, రంగులు, ఎత్తు అన్నీ అందులోనూ ఉన్నాయి.

మనుషుల బొమ్మ మాత్రం ప్రాజెక్టుగా కాకుండా ప్రతి పీరియడ్ మొదట్లో రెండు నిమిషాలు పెట్టండి. ఒక పిల్లాడు బ్యాగు భుజానేసుకుని నిలబడతాడు, మిగతావాళ్ళు గబగబా గీస్తారు, తరవాతి పీరియడ్‌లో ఇంకొకరు. ముఖం వద్దు, ఒంటి వంపు చాలు. ముఖం కావాలని గోల చేసినప్పుడు ఒక్క సంగతి చెప్పండి: కళ్ళు తలకి సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయి. అద్దం ముందు స్కేలు పెట్టుకుని కొలుచుకు రమ్మనండి. పిల్లలంతా కళ్ళని నుదుటి మీదికి ఎక్కిస్తారు, జుట్టునీ మాడునీ లెక్కలోకి తీసుకోరు గనక.

సామాను. రంగులకి కనీసం 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) డ్రాయింగ్ షీట్ ఉండాలి. జిరాక్స్ కాగితం 75 జీఎస్ఎం, నీళ్ళు తగిలితే ముడతలు పడుతుంది, పిల్లాడు తప్పు తనదనుకుంటాడు. పెన్సిల్ పనికి మాత్రం జిరాక్స్ కాగితం చాలు. పెన్సిళ్ళు 2బీ, 4బీ. హెచ్‌బీ ఒక్కటే ఉంటే నీడలు నలుపెక్కవు, నొక్కి నొక్కి కాగితం చింపుతారు. కుంచెలు మనిషికో సెట్టు కొనిపించకండి. ఆరో నంబరు గుండ్రటిదీ, అరంగుళం బల్లపరుపుదీ స్కూల్లో ఉంచి, ఇద్దరికొకటి చొప్పున పంచండి. పోస్టర్ కలర్లు పెద్ద సీసాలు తెప్పించుకుంటే చిన్న సెట్లకన్నా కలిసొస్తాయి.

బొగ్గు కొనక్కర్లేదు. కాళహస్తి కలంకారీ వాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలు గీసేది చింతపుల్లల బొగ్గుతోనే. పెన్సిల్ లావు ఎండు చింతపుల్లలు మూత గట్టిగా పట్టే డబ్బాలో పేర్చి, మూతకి మేకుతో చిల్లు పెట్టి, పొయ్యిలో పెట్టండి. చిల్లులోంచి పొగ ఆగాక తీసి, పూర్తిగా చల్లారాకే మూత తెరవండి. వేడి మీద తెరిస్తే గాలి తగిలి బూడిదవుతుంది. ఇది ఇంట్లో మీరు చేయాల్సిన పని, క్లాసులో కాదు.

మన తేమ సంగతి మరిచిపోకండి. వానాకాలంలో పోస్టర్ కలర్ పూత మరో పీరియడ్ దాకా ఆరదు, షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, సీసాల్లో బూజు పడుతుంది. నేను జూన్ నుంచి అక్టోబరు దాకా పెన్సిల్, బొగ్గు పనులే ఎక్కువ పెట్టి, రంగుల పని నవంబరు నుంచి మార్చి మధ్యలోకి నెట్టేవాణ్ణి. ఎర్రనీటి కాలవ ఒక్కటే మినహాయింపు, దానికి వాటర్ కలర్ పలచటి పూత చాలు. ఆకుపచ్చల గళ్ళు చిన్నవి కాబట్టి ఎప్పుడైనా ఆరిపోతాయి.

ఫోన్లో చూసి దింపడం గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. దింపడం తప్పు కాదు. వెనకటి చిత్రకారులంతా గురువుల బొమ్మలు దింపే నేర్చుకున్నారు. కానీ దింపడానికి మంచి బొమ్మ ఉండాలి, పిల్లాడు అందులోంచి ఏదో ఒకటి కనిపెట్టాలి. ఫోన్లో దొరికే కార్టూన్ బొమ్మకి అంచు గీత తప్ప ఇంకేం లేదు. వీలైతే ఏడాదికోసారి రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళండి. ఆయన (1897–1925) ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌లో చదివి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. అక్కడ హాలంతా తిప్పేసి బయటికి తీసుకురాకండి. ఒక్కొక్కరూ ఒకే బొమ్మ ఎంచుకుని దాని ముందు ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఎక్కడ నలుపు, ఎక్కడ వెలుగు, చూపు మొదట ఎటు పోతోంది, ఇవి చిన్న పెన్సిల్ బొమ్మలో దించుకోవాలి. అలా కూర్చోబెడితే దింపడం కూడా చదువే అవుతుంది.

"రాదు" అనే పిల్లల సంగతిలో మిగతా సగం: వాళ్ళ కాగితం మీద మీ పెన్సిల్ పెట్టకండి. చూపించాల్సి వస్తే పక్కన చిత్తుకాగితం మీద చూపించండి. మీరు దిద్దిన బొమ్మ ఇంటికెళ్ళాక "టీచర్ వేశారు" అవుతుంది. మార్కులు అందానికి వేయకండి. వస్తువులోంచి ఏం చూసి పట్టుకున్నాడు, పని చివరిదాకా చేశాడా, రెండో ప్రయత్నంలో మొదటిదానికన్నా ఏం మార్చాడు, ఈ మూడిటికే వేయండి. గోడకి అతికిస్తే అందరివీ అతికించండి. చోటు లేకపోతే వారం వారం మార్చండి.

లోయర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షకి కట్టే పిల్లలుంటే వాళ్ళకి ఇది సరిపోదు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, సాయంత్రాలు విడిగా సాధన చేయించాలి, అక్కడ టైముకి పూర్తి చేయడం ముఖ్యం.

చివరిగా మీరు అడగని సంగతి ఒకటి, ఎలాగూ ఎదురవుతుంది గనక. ఆగస్టు 15కో, ఎవరో ఆఫీసరు గారు వస్తున్నారనో "గోడకి మంచి ఛార్టులు వేయించండి" అని కబురొస్తుంది. క్లాసులో బాగా వేసే నలుగురినీ పట్టుకెళ్ళి వారం రోజులు వాళ్ళ చేత అవే చేయించడం మామూలు. అలా చేయకండి, మిగతావాళ్ళు ఆ వారమంతా ఖాళీగా కూర్చుంటారు. అప్పటికి మీ దగ్గర కొబ్బరి మట్టలు, ఆకుపచ్చల గళ్ళు తయారై ఉంటాయి. క్లాసుకి క్లాసు వరసగా ఒకే ఛార్టు మీద అతికించి ఇవ్వండి. వద్దన్న హెడ్‌మాస్టారు నాకెవరూ తగల్లేదు. జెండా బొమ్మ కావాలంటే మాత్రం స్కేలు పట్టుకుని మీరే వేసివ్వండి, నిష్పత్తి 3:2, అశోకచక్రంలో ఆకులు 24.